సేఠ్ కారు, నా ఫైలు

ఆ రోజుల్లో మా గల్లీలో ఎవరింట్లో కొత్త వస్తువు దిగినా ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. (వస్తువు కొత్తదే కానక్కర్లేదు, ఆ ఇంటికి కొత్తదైతే చాలు.) ఎవరైనా ఫ్రిజ్ కొంటే దాని తలుపు సరిగ్గా పడటం లేదని ముందు నేనే కనిపెట్టేవాణ్ని. ఎవరి కొడుక్కైనా ఉద్యోగం వస్తే ఆ కంపెనీ ఎక్కువ రోజులు నడవదని ముందు నేనే చెప్పేవాణ్ని. అప్పటికే దొరికిన పుస్తకమల్లా చదివి ఉన్నాను కాబట్టి అసూయకు మర్యాదైన పేర్లు నాకు చాలా తెలుసు. విమర్శనాదృష్టి అనేవాణ్ని, ముందుచూపు అనేవాణ్ని. మా నాయనమ్మకు అన్ని పేర్లు తెలియవు. "వీనికి కడుపుల మంట లేశింది, జెర మజ్జిగ పొయ్యుండ్రి" అనేది.

మాది షోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనకాల, మగ్గాల గల్లీ. తాతల కాలంలో తెలంగాణ నుంచి బతకడానికి వచ్చిన ఇళ్లు. ముందు గదుల్లో పవర్‌లూములు, వెనక గదుల్లో మేము. తువ్వాళ్లు నేస్తాం. లూములు నడుస్తున్నంతసేపు ఒకరి మాట ఒకరికి వినపడదు కాబట్టి మా వాళ్లకు గట్టిగా మాట్లాడటం అలవాటు. నాకు నెమ్మదిగా మాట్లాడటం అలవాటు కాబట్టి నా మాట ఎవరూ వినేవారు కాదు. (ఇది ఫిర్యాదు కాదు, వివరణ.) గోడకు ఇటు మేము, అటు మా చిన్నాయన కుటుంబం, ఎటు బుద్ధి పుడితే అటు పడుకునే నాయనమ్మ. చిన్నాయన కొడుకు నాకంటే కొన్ని నెలలు చిన్న. వాణ్ని గల్లీ అంతా సేఠ్ అనేది. నడక వచ్చిన కొత్తలోనే చేతులు నిక్కరు జేబుల్లో పెట్టుకుని, తనిఖీకి వచ్చిన యజమానిలాగా లూముల మధ్య తిరిగేవాడట, అప్పటి నుంచి ఆ పేరు. నన్ను వకీల్ అనేవారు. నేను ఏ కేసూ వాదించలేదు. ఎవరు ఏం చెప్పినా 'కాగితం ఉందా?' అని అడిగేవాణ్ని, అంతే.

సేఠ్ పోయిన చలికాలం చనిపోయాడు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. చివర్లో చెబితే అది కథలో మలుపులా కనిపిస్తుంది, అలాంటి మలుపుల మీద నాకు నమ్మకం లేదు. ఆ రోజు గల్లీలో లూములన్నీ ఆగిపోయాయి. పక్క పేటల నుంచి కూడా జనం వచ్చారు, నూలు వ్యాపారులు వచ్చారు, వాడు ఎప్పుడో టెంపోలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లిన ముసలాయన ఒకడు కర్ర పట్టుకుని వచ్చాడు. నేను ఏడుస్తూనే ఉన్నాను. ఏడుస్తూనే, నేను పోతే ఇంతమంది వస్తారా అని ఒకసారి జనాన్ని చూశాను. వాడు లేచి కూర్చోగలిగితే ముందు దానికే నవ్వేవాడు.

అసలు విషయానికి వస్తాను. వాడికీ నాకూ మధ్య తగాదా ఎప్పుడూ లేదు. తగాదా పడాలంటే ఇద్దరు కావాలి, వాడు ఎన్నడూ నాకు దొరకలేదు. నేను బి.కాం. చదివాను, వాడు పదో తరగతి దగ్గర చాలించాడు. అయినా కిరాణా కొట్టుకు ఇద్దరం వెళితే కొట్టాయన వాడితో మాట్లాడి నాకు చిల్లర ఇచ్చేవాడు. వాడు లూము ముందు నిలబడితే పోగు తెగేది కాదు, నేను నిలబడితే దారం నన్ను గుర్తుపట్టి తెగేది. ఇవన్నీ ఓర్చుకున్నాను, ఎందుకంటే నాయనమ్మ నాది. ఆమెకు మధ్యాహ్నం పూట తెలుగు వారపత్రిక చదివి వినిపించేది నేను, కళ్లలో మందు చుక్కలు వేసేది నేను, మోపెడ్ మీద వెనక కూర్చోబెట్టుకుని జోడ్‌భావి పేట్‌లో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది నేను. అంతటి హక్కుకు ఒక్క కాగితం కూడా లేకపోవడం తర్వాత గాని నాకు తట్టలేదు.

నాయనమ్మకు ఒక తమ్ముడు. అక్కల్‌కోట్‌లో ఉండేవాడు. ప్రతి ఏడూ రాఖీ పౌర్ణమి నాడు పొద్దున్నే జంధ్యం మార్చుకుని, బస్సెక్కి అక్క దగ్గరికి వచ్చేవాడు. అక్క రాఖీ కట్టేదాకా ఇద్దరూ ఏమీ తినేవారు కాదు. ఆ ఏడు ఆయన జారి పడి కాలు విరగ్గొట్టుకుని మంచం పట్టాడు. అంటే ఈమే వెళ్లాలి. ఈమె మోకాళ్లకు బస్సు మెట్లు ఎక్కే ఓపిక లేదు. "ఎట్లనన్న తీస్కపో వకీలూ, వాడు పొద్దుగూకే దాక తినకుంట కూసుంటడు" అని నాయనమ్మ నన్ను అడిగింది. మళ్లీ చెబుతున్నాను, నన్నే అడిగింది. అప్పుడు నేను ఆర్‌.టి.ఓ. ఆఫీసు ఎదురుగా ఒక ఏజెంటు దగ్గర కొత్తగా పనిలో చేరాను. ఫారాలు నింపడం నా పని. ఏజెంటుకు పక్కనే డ్రైవింగ్ స్కూలు కూడా ఉండేది. తన మనిషికి లైసెన్సు లేకపోతే పరువు తక్కువని ఆయన నాకు తెల్లవారుజామున మైదానంలో కారు నేర్పించి, లైసెన్సు ఇప్పించాడు. ఆ స్కూలు కారు ఒక్క రోజు ఇమ్మని అడిగాను. "చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం మీద నేను నాయనమ్మకు మాట ఇచ్చేశాను.

రెండు ఆదివారాలు తిరక్కుండా సేఠ్ కారు కొన్నాడు.

కొన్న పద్ధతి చెప్పాలంటే ముందు మా గల్లీలో పాత లూము ఎలా చేతులు మారేదో చెప్పాలి. మిగతా గల్లీల సంగతి నాకు తెలియదు, మా దగ్గర మాత్రం కాగితం అనేదే లేదు. లూమును తెచ్చి కొన్నవాడి ఇంట్లో బిగించాక, అమ్మినవాడు స్వయంగా వచ్చి దాన్ని నడుపుతాడు. తువ్వాల సగం నేసి, ఆపి, లేస్తాడు. ఆపినచోటి నుంచి కొన్నవాడు నేస్తాడు. ఆ తువ్వాల అమ్మరు, ఇంట్లోనే ఉంచుకుంటారు. దీన్ని 'చెయ్యి మార్చుడు' అంటారు. తర్వాత అమ్మినవాడికి టోపీ, తువ్వాల, కొబ్బరికాయ ఇచ్చి, కడుపు నిండా అన్నం పెట్టి పంపుతారు. ఇంత జరిగాక కాగితం అడిగితే నిన్ను నమ్మటం లేదని మొహం మీద చెప్పినట్టు. మా చిన్నాయన జీవితంలో కొన్న పెద్ద వస్తువులన్నీ లూములే. కాబట్టి కారును కూడా లూము కొన్నట్టే కొనిపించాడు.

అమ్మినాయన హోట్గి రోడ్‌లో ఉండే మరాఠీ పెద్దమనిషి, రిటైరైన ఇంజనీరు. మేమంతా ఆయన్ని కాకా అనేవాళ్లం. ఆ ఆదివారం ఆయన కారు నడుపుకుంటూ మా గల్లీ మొగదలకు వచ్చి, తాళంచెవి ఇచ్చేసి పోదామని దిగబోయాడు. చిన్నాయన తలుపు మూసేశాడు. "నై నై కాకా, దిగొద్దు. బోరింగ్ దాక మీరే నడుపుండ్రి. ఆడ్నుంచి మావాడు పట్టుకుంటడు." కాకాకు తెలుగు రాదు. తలుపు మూశారన్నది మాత్రం అర్థమైంది. పాపం, ఏదో తప్పు చేసినవాడిలా బోరింగ్ దాకా నడిపి ఆపాడు. సేఠ్ ఎక్కి మిగతా సగం గల్లీ నడిపాడు. ఆడవాళ్లు హారతిచ్చారు, చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. కాకాకు టోపీ పెట్టారు, తువ్వాల కప్పారు, మటన్‌తో భోజనం పెట్టారు, రిక్షా ఎక్కించి పంపారు. ఆయన దండం పెడుతూనే వెళ్లాడు. తనకు ఏం జరిగిందో ఆయనకు తెలియదని నాకు ఆ మొహం చూస్తేనే తెలిసింది.

నేను గడపలో నిలబడి చూశాను. తెల్లటి చిన్న కారు. దాని తెలుపు కూడా అవసరానికి మించి ఉందనిపించింది. సేఠ్ పరిగెత్తుకొచ్చాడు.

"ఎట్లుందన్నా?"

"హారన్ సన్నగుంది."

"గట్లనా? మారుస్త" అన్నాడు. (వాడితో ఇదే బాధ. మన విసురు తగలక ముందే వాడు ఒప్పుకునేవాడు.)

ఈలోగా నాయనమ్మ ముందు సీట్లో కూర్చుంది. దిగమంటే దిగలేదు. చాయ్ అక్కడికే తెప్పించుకుంది. "సోఫా లెక్కుంది బిడ్డా. రాఖీ పున్నానికి ఇందులనే పోదాం" అంది. బిడ్డా అన్నది వాణ్ని. నేను పక్కనే ఉన్నాను. మోపెడ్ మీద ఆమె నా భుజం పట్టుకుని కూర్చున్న రోజులన్నీ నాకు గుర్తొచ్చాయి. ఆమెకు ఒక్కటీ గుర్తొచ్చినట్టు లేదు. అప్పుడు అడిగాను, ఎప్పుడూ అడిగే మాటే.

"చిన్నాయనా, కాగితాలేవి?"

"ఏం కాగదాలు రా?"

"ఆర్‌.సి., ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం, ఆయన సంతకం చేసిన ట్రాన్స్‌ఫర్ ఫారాలు."

"ఆయననే సొంత వచ్చి చెయ్యి మార్చి పాయె గద! గల్లీ అంత చూశింది. ఇంకేం కాగదం?"

"అది లూము కాదు చిన్నాయనా, కారు."

"లూము కంటె పెద్దదా ర నీ కారు? లూము అన్నం పెడ్తది!"

కారు మొత్తం కొని, ఒక్క కాగితం లేకుండా, అమ్మినవాడికి మటన్ పెట్టి పంపించేశారు. కాకా ఇల్లు ఎక్కడో సేఠ్‌కు తెలుసు, కాకాకు మా ఇంటి నంబరు కూడా తెలియదు. చట్టం లెక్కన మా గల్లీలో ఉన్నది కాకా కారు, అందులో చాయ్ తాగుతున్నది మా నాయనమ్మ. ఆ పూట నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. మర్నాడు గల్లీలో ఎవరు కనబడినా, ఆ బండి రోడ్డెక్కితే జప్తే అని, అప్పటిదాకా అది ఇనప మంచమేనని, ఎంతో విచారంగా చెప్పాను. అంత విచారం నా మొహం మీద ఎవరూ అంతకు ముందు చూసి ఉండరు. సాయంత్రానికి సేఠ్ మా గదిలోకి వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"అన్నా, నాకేం తెలుస్తది ఇయ్యన్ని. నువ్వే చెయ్యాలె."

"చూద్దాం" అన్నాను, మా ఏజెంటు గొంతుతో.

మంచం మీద నుంచి నాయనమ్మ తల ఎత్తింది. "వకీలూ, నీ ఏడ్పు రాఖీ పున్నం దాక ఆపుకుంటవా? అటెంక మంచిగ కూసోని ఏడువు, ఎవ్వరు నిన్ను ఏమనరు. ఆడ నా తమ్ముడు తిండి లేక కూసుంటడు."

అది విని నా మనసు కరిగిందని రాస్తే బాగుంటుంది గాని అలా జరగలేదు. నాకు తట్టింది వేరు. నా కాగితాలు లేకపోతే వాడి కారు ఇనప మంచం. అంటే నా కాగితాలు ఉంటే ఆ కారు నడవడంలో సగం నా వల్ల. నాయనమ్మను తీసుకెళ్లింది ఎవరని రేపు ఎవరైనా అడిగితే సగం నా పేరు చెప్పక తప్పదు. ప్రేమతో ఏ పనీ నేను అంత చురుగ్గా చేసి ఉండను.

సేఠ్‌ను మోపెడ్ వెనక ఎక్కించుకుని హోట్గి రోడ్ వెళ్లాను. కాకా గేటు దగ్గరే ఉన్నాడు. మమ్మల్ని చూసి రెండు చేతులూ ఎత్తాడు. "అరే దేవా! గాడీ నేలీత్, కాగద్ కోణ్ నేణార్?" బండి తీసుకుపోయారు సరే, కాగితాలు ఎవరు తీసుకుపోతారు అని ఆయన గోల. పాపం ఆయనకు నిద్ర లేదట. రోడ్డు మీద అంబులెన్సు కూత వినపడితే చాలు, తన పేరు మీదున్న బండే ఎవరినో గుద్దిందని లేచి కూర్చుంటున్నాడట. వచ్చి అడుగుదామంటే అన్ని గల్లీల్లో మాది ఏదో గుర్తు లేదు, మటన్ రుచి మాత్రం గుర్తుందన్నాడు. మేమిచ్చిన తువ్వాల ఆయన భుజం మీదే ఉంది, దాంతోనే చెమట తుడుచుకున్నాడు. ఫారాలు ముందు పెడితే ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ సంతకం చేశాడు, చూపించని చోట కూడా చేయబోయాడు.

అంతా అయిపోయిందనుకున్నప్పుడు ఆర్‌.సి. మీద బ్యాంకు పేరు కనబడింది. కారు అప్పు మీద కొన్నది. అప్పు ఎప్పుడో తీరింది గాని, తీరిందని బ్యాంకు ఇచ్చే ఉత్తరం కాకా తెచ్చుకోలేదు. అది లేనిదే పేరు మారదు. ఆ క్షణం నా గుండె రెండు పనులు ఒకేసారి చేసింది. ఒకవైపు ఎగిరింది, ఇంకోవైపు జారింది. సేఠ్ నా మొహం వంక చూశాడు. "కాదా అన్నా?" అన్నాడు. కాదు అనడానికి అంత మంచి అవకాశం నాకు మళ్లీ రాలేదు. "అయితది. నేనున్న గద" అన్నాను. నా నోట్లోంచి అది ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు, కానీ వాడి కళ్లలో నేను ఒక్కసారిగా పెద్దవాణ్నైపోయాను. ఆ రుచి కోసం పండగ దాకా కాకాను వెంటేసుకుని బ్యాంకు చుట్టూ తిరిగాను. ఆయన ఆ టోపీ, తువ్వాలతోనే వచ్చేవాడు. ఊరికి పెద్దమనిషి ఎవరో వచ్చారనుకుని బ్యాంకులో కుర్చీ వేసేవారు. అందుకే మా పని తొందరగా అయిందని నా అనుమానం.

ఆఖరున ఛాసీ నంబరు అచ్చు. బానెట్ లోపల ఇనుము మీద చెక్కిన నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు తేలతాయి, ఆ కాగితం ఫారానికి అతికించాలి. నేను గల్లీ జనం చూస్తుండగా చొక్కా చేతులు మడిచి, బానెట్‌లోకి వంగి రుద్దాను. మసకగా వచ్చింది. మళ్లీ రుద్దాను. కాగితం చిరిగింది. "చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద గీసినట్టే ఉంది గద అన్నా, నేనొకసారి గీస్తనా?" అన్నాడు సేఠ్. ఒక్కసారే గీశాడు. అంకెలు అచ్చు వేసినట్టు వచ్చాయి. నా డిగ్రీ ఎందుకు పనికొస్తుందో ఆ రోజు చాలాసేపు ఆలోచించాను.

రాఖీ పౌర్ణమి నాటికి ఫైలు సిద్ధమైంది. ఆకుపచ్చ అట్ట ఫైలు, కాగితం వెనక కాగితం వరుసగా, పైన నా దస్తూరితో పట్టిక. పొద్దున్నే బయల్దేరాం. సేఠ్ స్టీరింగ్ దగ్గర, ముందు సీట్లో నాయనమ్మ, వెనక నేను, నా ఒళ్లో ఫైలు. నాయనమ్మ చేతిలో రాఖీ, స్వీటు డబ్బా, తమ్ముడికి మా లూము మీద నేసిన కొత్త తువ్వాల. కారు సాఫీగా పోతోంది. నాయనమ్మ కిటికీలోంచి చూస్తూ, "ఎంత మంచిగ నడుపుతున్నవ్ బిడ్డా" అంది. కొంచెం దూరం పోయాక మళ్లీ అంది. ఫైలు గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఈ బండి ఇలా నడుస్తోందంటే దానికి కారణం వెనక సీట్లో ఉందని ఎవరికీ గుర్తు లేదు. పోలీసు ఎవరైనా ఆపితే బాగుండునని నేను మనసులో మొక్కుకున్నాను. ఆగిన మరుక్షణం నాయనమ్మ వెనక్కి తిరిగి, "వకీలూ!" అంటుంది. నేను ఫైలు తెరుస్తాను.

అక్కల్‌కోట్ రోడ్డు నాకా (అంటే చెక్‌పోస్టు) దగ్గర నిజంగానే పోలీసు కనబడ్డాడు. కారు నెమ్మదించింది. నాయనమ్మ ఆయనకు నమస్కారం పెట్టింది. ఆయన నవ్వి, పొమ్మని చెయ్యి ఊపాడు.

"ఆపు" అన్నాను.

"ఏమైందన్నా, కడుపుల తిప్పుతుందా?"

"ఆపమంటున్న గద!"

సేఠ్ ఆపాడు. నేను ఫైలుతో దిగి, వెనక్కి నడిచి పోలీసు ముందు నిలబడ్డాను. "సాహెబ్, కాగద్ బఘా" అన్నాను. కాగితాలు చూడండి అని.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మీ మాగితలే కా?" నేను అడిగానా అని.

"నాహీ. పణ్ సగళే ఆహేత్." అడగలేదు, కానీ అన్నీ ఉన్నాయి.

అన్నీ ఉన్నాయి అన్న మాటే కొంప ముంచింది. ఆయన మొహంలో నవ్వు పోయింది. అడగకుండా కాగితాలు చూపించే మనిషిని తను ఇంతవరకు చూడలేదని, ఇందులో ఏదో ఉందని, కుర్చీలో కూర్చున్న పై ఆయన్ని పిలిచాడు. ఇద్దరూ ఫైలు మొదటి నుంచి మొదలుపెట్టారు. నేను ఒక్కొక్క కాగితం వివరించాను. వివరించిన కొద్దీ వాళ్ల అనుమానం పెరిగింది. బానెట్ ఎత్తించి నంబరు సరిచూశారు. (సేఠ్ గీసిన అచ్చును పై ఆయన మెచ్చుకున్నాడు. నేను తర్వాతి కాగితం తిప్పాను.) ఎండ ఎక్కింది. కారులోంచి నాయనమ్మ అరుస్తోంది. "ఓ వకీలూ! ఆడ నా తమ్ముడు పస్తు పండుకున్నడు రా! ఎవలు అడిగిండ్రు నిన్ను?"

చివరికి ఫైలులో వంక దొరకలేదు. పై ఆయన విసుగ్గా మూసి, "లైసెన్స్" అన్నాడు సేఠ్‌తో.

సేఠ్ నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. వాడు నూలు టెంపో నడిపి నడిపి డ్రైవింగ్ నేర్చుకున్నాడు. పద్దెనిమిదో ఏట తీసుకున్న లర్నింగ్ లైసెన్సు ఎప్పుడో గడువు తీరిపోయి బీరువాలో పడుంది. మా దగ్గర లూముకు మనిషిని పెట్టుకునేటప్పుడు చెయ్యి చూస్తారు గాని కాగితం చూడరు. కారు పుట్టుపూర్వోత్తరాలన్నీ సేకరించిన నేను, దాన్ని నడిపేవాడికి లైసెన్సు ఉందో లేదో అడగలేదు. అన్నిటికీ కాగితం అడిగే నేను, వాడి చేతిని మాత్రం వాళ్లలాగే నమ్మేశాను.

నాయనమ్మ తలుపు తెరిచి, దిగలేక సగం దిగి, మరాఠీలో బతిమాలింది. అక్కడ తమ్ముడు ఎదురుచూస్తున్నాడు నాయనా, నేను కట్టనిదే తినడు. పై ఆయనకు కూడా ఆ పూట ఎక్కడో ఒక అక్క ఎదురుచూస్తూ ఉండి ఉంటుంది. సేఠ్‌ను నాలుగు తిట్టి, నా వైపు వేలు చూపించాడు. "తుఝ్యాకడే ఆహే కా?" నీకుందా అని. ఉంది. నా జేబులో, ప్లాస్టిక్ కవరులో, మడత పడకుండా ఉంది. "మగ్ తూ చాలవ్." అయితే నువ్వు నడుపు.

నేను మైదానం దాటి కారు నడపలేదని ఎవరికీ చెప్పలేదు. సేఠ్ మొహం చిన్నబోతుందని చూశాను. చిన్నబోలేదు. వాడు దిగి, తలుపు పట్టుకుని నిలబడి, ముందు నుంచి కొత్త తువ్వాల తీసి నా భుజం మీద వేశాడు. "నాకా దాక నేను నడిపిన అన్నా. ఈడ్నుంచి నువ్వు పట్టు. టోపీ లేదు, సర్దుకో." (ఆచారం ప్రకారం తువ్వాల నేను వాడికి కప్పాలి. అది చెప్పే స్థితిలో నేను లేను.)

అక్కడి నుంచి అక్కల్‌కోట్ దాకా నేను నడిపాను. సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి. గడ్డి మోపులతో పోతున్న ఎద్దుల బండిని దాటాలా వద్దా అని చాలాసేపు దాని వెనకే ఉన్నాను. గేరు మార్చిన ప్రతిసారీ లోపల ఏదో విరిగినట్టు చప్పుడు. "గిట్ల పోతే రాఖీ వచ్చే ఏడు కడ్త వకీలూ" అంది నాయనమ్మ, చీర కొంగుతో మొహం కప్పుకుని. సేఠ్ మాత్రం వెనక సీట్లో నా ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, గేరు పడ్డ ప్రతిసారీ "వాహ్ అన్నా!" అనేవాడు. వెక్కిరింత కాదు. నిజంగానే అనేవాడు. ముందు సీట్లో నేనున్నాను, పక్కన నాయనమ్మ ఉంది, వాడి కారు నా చేతిలో ఉంది. అయినా వాడికి కుళ్లు పుట్టలేదు. వాడి దగ్గర చూసి నేను ఓర్వలేకపోయిన వాటన్నిటిలో అది పెద్దది. కారు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

మేం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ముసలాయన మంచం మీద, కొత్త జంధ్యంతో, ఆకలి మొహంతో కూర్చుని ఉన్నాడు. "ఇంత సేపా అక్కా? ఎవలు తెచ్చిండ్రే నిన్ను?" అన్నాడు.

నేను గడపలోనే ఆగిపోయాను. వారం రోజులుగా నేను బ్యాంకు చుట్టూ తిరిగింది ఈ ఒక్క ప్రశ్న కోసం. నాయనమ్మ రాఖీ ముడి వేస్తూ, తల ఎత్తకుండా అంది.

"ఇద్దరు తెచ్చిండ్రు రా. సగం వాడు, సగం వీడు. లూము చెయ్యి మార్చినట్టు. వాని సగం జల్ది అయింది, వీని సగం అయితలేదు." అప్పుడు నా భుజం మీది తువ్వాల లాగి తమ్ముడికి కప్పింది. "ఇగో, గిది నీది. వీడు చెమట తుడుసుకున్నడు, ఏమనుకోకు."

మంచం మీద ముసలాయన నవ్వాడు, సేఠ్ నవ్వాడు, చివరికి నేను కూడా నవ్వాను. సగమైనా దొరికింది కదా అని.

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. సేఠ్ తర్వాత లైసెన్సు తీసుకున్నాడు (ఫారం నేనే నింపాను), పెళ్లి చేసుకున్నాడు, వ్యాపారం పెంచాడు, కానీ ఆ కారు మాత్రం మార్చలేదు. దాని గడువు తీరినప్పుడు రిజిస్ట్రేషన్ పొడిగించింది కూడా నేనే. ఇప్పుడు వాడు లేడు. మరదలికి కారు నడపడం రాదు, బయటివాళ్లకు అమ్మడం ఇష్టం లేదు. ముందు ఆమె పేరు మీదికి, అక్కణ్నుంచి నా పేరు మీదికి మార్చాలనుకున్నాం. యజమాని చనిపోతే నింపే ఫారం వేరే ఉంటుంది. ఏజెంటు దగ్గర పనిచేసిన రోజుల్లో అలాంటివి ఎన్నో నింపాను. పేరు ఉండే చోట పేరు, తేదీ ఉండే చోట తేదీ. ఈసారి పేరు రాయడానికి కొంచెం సమయం పట్టింది. వాణ్ని ఆ పేరుతో నేను ఎన్నడూ పిలవలేదు. ఛాసీ నంబరు అచ్చు కోసం బానెట్ ఎత్తి, వంగి, పెన్సిలుతో రుద్దాను. మసకగా వచ్చింది. మళ్లీ రుద్దాను. ఎవరూ అడగలేదు, 'నేనొకసారి గీస్తనా' అని.

కాగితాలన్నీ వచ్చిన రోజు మరదలు తాళంచెవి తెచ్చి ఇచ్చింది. నేను తీసుకోకుండా నిలబడ్డాను. ఆమెకు అర్థమైంది. ఆమె కూడా మగ్గాల ఇంటి పిల్లే.

"చెయ్యి మార్చాలంటే ఆయన లేడు గద అని చూస్తున్నరా బావా? ఆయన సగం ఎప్పుడో నడిపి పాయె. మిగిలింది మీరు నడుపుండ్రి."

ఎక్కి కూర్చున్నాను. సీటు వాడి పొడుగుకు సరిచేసి ఉంది, ముందుకు జరుపుకున్నాను. గల్లీలోంచి తీస్తుంటే బోరింగ్ దగ్గర ఆడుకుంటున్న పిల్లలు, "సేఠ్ గాడీ! సేఠ్ గాడీ! జరుగుండ్రి!" అని అరుస్తూ పక్కకు పోయారు. ఆర్‌.సి. మీద నా పేరుంది, ఇన్సూరెన్సు మీద నా పేరుంది, అయినా అది సేఠ్ గాడీ. కడుపులో పాత మంట కొంచెం లేచింది. మజ్జిగ పోయమనే మనిషి లేదు. ఉండనిచ్చాను, పాతకాలపు చుట్టం వచ్చినట్టనిపించింది.

ఎక్కడికి వెళ్లాలో అనుకోకుండానే అక్కల్‌కోట్ రోడ్డెక్కాను. నాకా దగ్గర కొత్త కుర్రాడెవరో డ్యూటీలో ఉన్నాడు. ఫైలు పక్క సీట్లో ఉంది, అదే ఆకుపచ్చ అట్ట, అంచులు అరిగిపోయాయి. నేను మామూలుగానే నెమ్మదిగా పోతాను, అక్కడ ఇంకా నెమ్మదించాను. అతను నా వైపు చూసి, అనుమానపడటానికి ఏమీ కనపడక, పొమ్మని చెయ్యి ఊపాడు. అప్పటి వకీల్ అయితే దిగి ఉండేవాడు. పాపం వాడికి ఎంత తొందర, ఎవరైనా తన కాగితాలు చూడాలని.

నేను దిగలేదు. క్లచ్ తొక్కి గేరు మార్చాను. వెనక సీట్లోంచి ఎవరూ ఏమీ అనలేదు గాని, ఈసారి చప్పుడు లేకుండా పడింది.